పుస్తకంలో లేని పద్యం

మా హార్మోనియం మాస్టారు పోయిన రెండు వారాలకి మా ఊరి నాటక కమిటీ సంతాప సభ పెట్టింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన బొమ్మ అరచేతంత, చుట్టూ కమిటీ సభ్యుల బొమ్మలు చాటంత. మాట్లాడినవాళ్ళందరూ ఒకే కథ చెప్పారు. ముప్పై ఏళ్ళు వేలు తప్పకుండా వాయించిన మనిషి, యాభై ఐదు దాటాక నాటకంలో రాకుమారి వేషం కట్టే అమ్మాయి మీద మనసు పడ్డాడట. ఆమె కోసం సొంతంగా ఒక పద్యం రాసి నాటకంలోకి దూర్చాడట. మా నాన్న దాన్ని పట్టేసుకోవడంతో ఆయన హార్మోనియం మూతపడిందట. ప్రతివాడూ ఇంకాస్త మసాలా కలిపాడు. జనం నవ్వారు. రెండో వరసలో కూర్చున్న నేనూ నవ్వాను.

ఆ పద్యం రాసింది నేను. ఆయన రాశారని చెప్పిందీ నేనే. ఇప్పుడు చెబితే ఆయనకి ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా చెప్పాలి. ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పకపోతే నేను చేసిన పని ఎంతదో మీకు తెలీదు.

పగలు ఆయన పరుపులు కుట్టేవారు. మా ప్రత్తిపాడు చుట్టుపక్కల పత్తి వెయ్యని రైతు లేడు కాబట్టి సొంత చేలో దూదితో పరుపు కుట్టించుకోవడం మాకో గొప్ప. పత్తి తీతలు అయిపోగానే ఆయన సైకిలుకి దూదేకే విల్లు కట్టుకుని వచ్చేవారు. మా వసారాలో దూది గుట్ట పోసి మధ్యలో కూర్చుని విల్లు తాడు మీటేవారు. ఆ మోతకి మా గేదె తల తిప్పి చూసేది. సాయంత్రానికి ఆయన కనుబొమలూ మీసాలూ చెవుల్లో వెంట్రుకలూ తెల్లగా అయిపోయేవి. అలాగే నాటకానికి వెళ్ళి కూర్చుంటే, ముసలి మంత్రి వేషం ఈయనదే కాబోలనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు.

మా నాన్న మిరప, పత్తి వేసే రైతు. నాటక కమిటీకి ప్రెసిడెంటు. పగలు మాస్టారు వసారా మెట్టు మీద కూర్చుంటే, "ఏం సాయిబూ, టీ తాగావా?" అనేవాడు. అదే మనిషి పొద్దుగూకాక హార్మోనియం ముందు కూర్చుంటే, "మాస్టారూ, తమరికి దిండు సరిపోయిందాండీ?" అని వంగి అడిగేవాడు. మాస్టారు నా చెవిలో, "మీ నాన్నగారికి చీకటి పడితే గానీ మనుషులు సరిగ్గా కనపడరు బాబూ" అనేవారు. నవ్వు మాత్రం ముఖం మీదకి రానిచ్చేవారు కాదు.

ఆయనకి ప్రపంచమంతా శ్రుతిలోనే వినపడేది. మా దూడ అంబా అంటే, "ఐదున్నర. తల్లి ఐదు. పెరిగితే దిగుతుంది లెండి" అనేవారు. కోల్డ్ స్టోరేజీ సైరను మోగితే రెండు చెవులూ మూసుకునేవారు. మోత ఎక్కువని కాదు, అపశ్రుతని. ఎవరి గురించి అడిగినా ఆయన తీర్పు ఒకటే, అదీ రెండు మాటల్లో ఉండేది. ఎమ్మెల్యే ఉపన్యాసం ఎలా ఉంది మాస్టారూ? "గాలి చాలదండీ." కొత్త అల్లుడు ఎలాంటివాడు? "గాలి చాలదు."

మా ఊళ్ళలో నాటకం ఖర్చు ఎవడు భరిస్తే వేషం వాడిదే. ఒక ఏడాది పత్తి వ్యాపారి ఒకాయన రాజు వేషం కట్టాడు. పద్యం అయిపోయినా రాగం వదలడు. చేతులు పైకెత్తి తీస్తూనే ఉన్నాడు. మంచినీళ్ళు తాగడానికి లేచిన జనం తాగి వచ్చి కూర్చున్నా తీస్తూనే ఉన్నాడు. మాస్టారు మెల్లగా హార్మోనియం తిత్తి మీద నుంచి చెయ్యి తీశారు. రాజుగారు నడిగాల్లో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తర్వాత వచ్చి దబాయించాడు.

"ఏమైంది మాస్టారూ?"

"తిత్తికి నిద్రొచ్చిందండీ. నా తప్పు కాదు."

డబ్బున్నవాడి విషయంలో అంత పని చేసిన మనిషి, చాకిరీ చేసుకునేవాడు సరదాపడి ద్వారపాలకుడి వేషం కట్టి ఒక్క పద్యం పాడితే, వాడి గొంతు ఎక్కడికి పోతే అక్కడికి వెళ్ళి పట్టుకునేవారు. "పాడేవాణ్ణి మధ్యలో వదలకూడదు" అనేవారు. మరి రాజుని ఎందుకు వదిలారంటే, "ఆయన పాడ్డం ఎప్పుడో ఆపేశాడు కదా, అరుస్తున్నాడు" అన్నారు.

మా ఊరి నాటకం పేరు చెప్పను. కథ మాత్రం చెబుతాను. రాకుమారి తోటమాలిని ప్రేమిస్తుంది. రాజు కాదంటాడు. రెండు అంకాల నిండా ఏడుపు పద్యాలు. చివరికి తోటమాలి భుజం మీద మచ్చ చూసి, వీడు చిన్నప్పుడు తప్పిపోయిన పక్కదేశపు రాజు కొడుకని తెలుసుకుంటారు. పెళ్ళి, మంగళహారతి. మా తాతల నాటి నుంచీ ఆడుతున్నారు. ఊళ్ళో సగం మందికి పద్యాలన్నీ నోటికి వచ్చు. మాస్టారికి ఆ మచ్చ అంటేనే చిరాకు.

"అంతసేపూ ఏడిపించి చివర్లో వాడూ రాజు కొడుకే అంటే ఎలా అండీ? తోటమాలిని తోటమాలిగా ఉంచి పెళ్ళి చెయ్యడానికి రాసినాయనకి గాలి చాల్లేదు."

తొంభైల చివర్లో ఒక ఏడాది తోటమాలి వేషం నాకొచ్చింది. ప్రెసిడెంటు కొడుకుని కదా. అప్పటికి నాకు ఇరవై తొమ్మిది. డిగ్రీ చేశాను, ఉద్యోగం రాలేదు, చేను చూసుకోవడం చేతకాదు. గొంతు మాత్రం ఉంది. రిహార్సల్‌కి పట్టుపంచె కట్టి, రెండు ఉంగరాలు, గొలుసు, వాచీ పెట్టుకుని వెళ్ళాను. మాస్టారు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"బాబూ, తోటమాలి తోట అమ్ముకొచ్చాడా?"

ఉంగరాలు తీశాను. వాచీ తియ్యలేదు.

రాకుమారి తెనాలి నుంచి వచ్చేది. నాటకాలే ఆమె వృత్తి. నాలుగు ఆదివారాలు మధ్యాహ్నం పూట ఖాళీ కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మా రిహార్సళ్ళు. షెడ్డు గోడలకి పట్టిన మిరప ఘాటుకి ప్రేమ సన్నివేశాల్లో ఇద్దరికీ నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చేవి. పద్యం అందుకున్నప్పుడు ఆమె నన్ను చూసే చూపుకి నా వంతు ఎత్తుకోవడం మర్చిపోయేవాణ్ణి. పద్యం అవగానే సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, "గుంటూరు బస్సు నాలుగింటికా, నాలుగుంపావుకా అండీ?" అని అడిగేది. ఆ బస్సు ప్రశ్నలో కూడా నాకు ఏదో వినపడేది. మాస్టారికి చెప్పాను.

"మాస్టారూ, ఆమె చూపు నిజం."

"నిజమే బాబూ. పోయినేడు చిలకలూరిపేటలోనూ అంత నిజంగానే చూసింది. అక్కడ తోటమాలికి అరవై రెండేళ్ళు."

నేను వినలేదు. మూడో ఆదివారం ఆమెతోనే చెప్పేశాను. ఆమె కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది.

"ఇది తోటమాలి మాటా, మీ మాటా?"

"నా మాటే."

"మీ నాన్నగారు పొద్దున్నే వసారాలో పేపరు చదువుతారంటగా. పట్టపగలు, అక్కడ నిలబడి, ఇదే మాట ఆయనతో చెప్పండి. చెప్పాక నాకు చెప్పండి. అప్పుడు ఆలోచిస్తాను. స్టేజీ మీద నేను రాకుమారిని. దిగాక మీ ఊళ్ళో నన్నేమంటారో మీకు తెలీదా?"

తెలుసు. అందుకే వసారాలోకి వెళ్ళలేదు. నాకు దానికంటే తెలివైన ఉపాయం తట్టింది. ఒక పద్యం రాశాను. మొదటి మూడు పాదాలూ పూలు, తుమ్మెదలు, మామూలు సరుకు. నాలుగో పాదం ఆమెకి నా జవాబు: "పగటి వెలుగున నీ చేయి పట్టుకొందు." దాన్ని నాటకంలోనే పాడేస్తే, మా నాన్న ఎదుటే చెప్పినట్టూ అవుతుంది, మా నాన్నకి తెలియకుండానూ పోతుంది. నా అంత మొనగాడు జిల్లాలో లేడనుకున్నాను.

మాస్టారు కాగితం చూడను కూడా చూడలేదు. "పుస్తకంలో లేనిదానికి నేను వేలు పెట్టను బాబూ. వద్దు. చెప్పాలనుంటే మామూలుగా చెప్పండి. పద్యంలో పెడితే అది మాట కాదు, వేషం."

నాటకం రోజున రెండో అంకం మధ్యలో నేను దాన్ని అందుకున్నాను. మాస్టారి తల చటుక్కున పైకి లేచింది. ఒక్క క్షణం హార్మోనియం ఆగింది. వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. నా గొంతు వెనకే వచ్చేశారు. ఎప్పటినుంచో వాయిస్తున్న పద్యంలాగా దాన్ని మోశారు. నాలుగో పాదం దగ్గర ఆమె నా వైపు చూసింది. రిహార్సల్లో చూపు కాదది. జనం వన్స్‌మోర్ కొట్టారు. నేను మళ్ళీ పాడాను. రెండోసారి పాడుతుంటే ముందు వరసలో మా నాన్న కనపడ్డాడు. పద్యం ఎవరు పాడుతున్నా ఆయన పెదాలు దానితోపాటు కదులుతూ ఉంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నా పద్యానికి ఆ పెదాలు కదల్లేదు.

అదీ నేను చేసిన తప్పు. ఊరందరికీ నోటికొచ్చిన నాటకంలో ఒక పద్యం ఎక్కువైతే ఎవడూ గమనించడనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా నాన్న వసారాలో ఉన్నాడు. పేపరు లేదు. చేతిలో అట్ట ఊడిపోయిన నాటకం పుస్తకం.

"ఏరా, నిన్న పాడిన పద్యం ఏ పేజీలో ఉంది?"

"రెండో అంకంలో నాన్నా."

"రెండో అంకం మూడుసార్లు చూశాను. ఆ పగటి వెలుగేంటిరా? పగటిపూట పట్టుకుంటానన్నాడంటే రాత్రిపూట పట్టుకుంటున్నట్టేగా? ఎవడు వాడు? ఎవరి చెయ్యి?"

నేను నిలబడి ఉన్నది సరిగ్గా ఆమె నిలబడమన్న చోటే. ఎండ మెట్ల మీదకి వచ్చింది. ఎదురుగా నాన్న. నోరు తెరిచాను.

"మాస్టారు రాసిచ్చారు నాన్నా. పాడమంటే పాడాను."

మూడో రోజున మాస్టారు విల్లు కట్టుకుని వచ్చారు. రెండు పరుపులు కుట్టమని అమ్మ ముందే చెప్పి ఉంచింది. ఆయన దూది గుట్టలో కూర్చుని విల్లు మీటుతుంటే నాన్న వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఏం సాయిబూ, ఆ పద్యం నీదంటగా?"

విల్లు ఆగింది. ఆయన తల తిప్పకుండానే అడిగారు.

"ఏ పద్యమండీ ప్రెసిడెంటు గారూ?"

"పగటి వెలుగు పద్యం. నువ్వు రాసి మావాడి చేత పాడించావంటగా."

అప్పుడు నా వైపు చూశారు. కోపంగా చూస్తే బాగుండేది. రిహార్సల్లో నేను ఎత్తుకోవడం మర్చిపోయినప్పుడు చూసినట్టు చూశారు, అందుకోండి బాబూ అన్నట్టు.

"పాడింది చినబాబు గారు కదండీ. ఎవరిదో ఆయన్నే చెప్పమనండి."

నాన్న నా వైపు తిరిగాడు. ఇంట్లోంచి అమ్మ కూడా వచ్చి నిలబడింది. గాల్లో దూది పింజలు తేలుతున్నాయి. ఒకటి వచ్చి నా చేతి మీద వాలేదాకా ఆగాను.

"నాకేం తెలుసు? ఇచ్చింది పాడాను" అన్నాను.

మాస్టారు కనుబొమ మీద దూది తుడుచుకున్నారు.

"పద్యం బాగుందాండీ?" అని నాన్ననడిగారు.

"బాగానే ఏడిసింది. అదేగా తంటా!"

"బాగుంటే నాదేనండి. బాగున్నదాన్ని కాదనడం ఎందుకు?" అని మళ్ళీ విల్లు అందుకున్నారు.

రెండు పరుపులూ పూర్తిచేసి, వసారాలోనే అన్నం తిని, ఆకు తీసి పారేసి వెళ్ళిపోయారు. కమిటీ ఆయన్ని మళ్ళీ పిలవలేదు. పక్క ఊళ్ళ కమిటీలకి కబురు వెళ్ళింది. పుస్తకంలో లేనిది దూర్చాడన్నది మొదటి నింద. ఆ అమ్మాయి కోసం రాశాడన్నది టీ కొట్లో పుట్టింది, కానీ దాని విత్తనం నేను వేసిందే. ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళి చేసిన మనిషిని సైకిలు మీద పోతుంటే ఆపి, "ఏం సాయిబూ, పగటి వెలుగులో ఎక్కడికి?" అని అడిగేవాళ్ళు. ఆయన సైకిలు ఆపకుండా, "మీ ఇంటికేనండీ, పరుపు గడ్డలు కట్టిందంట" అని వెళ్ళిపోయేవారు.

తర్వాతి ఏడాది గుంటూరు నుంచి కీబోర్డు కుర్రాణ్ణి తెచ్చారు. మీట నొక్కితే చాలు, వాన, ఉరుము, గుర్రాలు. మాస్టారు జనంలో చాప మీద కూర్చుని చూశారు. ఎవరో పద్యం తీస్తుంటే ఆయన కుడిచెయ్యి మోకాలి మీద కదులుతోంది. ఎడమచెయ్యి లేని తిత్తిని నొక్కుతోంది. నేను కమిటీ కుర్చీలో కూర్చుని రెండో వైపు చూశాను.

ఆ రాకుమారిని తర్వాత ఒక్కసారి చూశాను, గుంటూరు బస్టాండులో. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"మాస్టారి మీద పెట్టారంటగా?"

నేను బస్సు బోర్డు వైపు చూశాను.

"నా గురించి నాకు బెంగ లేదండీ. ఇలాంటి తోటమాలుల్ని జిల్లాకి నలుగుర్ని చూశాను. ఆయన మాత్రం నా చిన్నప్పుడు గొంతు పోయిన రోజున శ్రుతి దించి నన్ను నిలబెట్టిన మనిషి" అని బస్సెక్కేసింది. కిటికీ దగ్గర కూర్చుంది, తిరిగి చూడలేదు.

చెప్పడానికి నేను ఒకసారి ప్రయత్నించాను. నా పెళ్ళయిన కొత్తలో మిరప కల్లం దగ్గర ఆయన ఎదురుపడితే, "మాస్టారూ, ఆ పద్యం..." అని మొదలుపెట్టాను. "ఏ పద్యం బాబూ? నాదా?" అని కన్నుగీటి సైకిలు తొక్కుకుంటూ పోయారు. ఆ కన్నుగీటుని క్షమించడం కింద జమకట్టుకుని నేను హాయిగా ఇంకో తొమ్మిదేళ్ళు బతికాను. ఆయన కుట్టిన పరుపు మీదే పడుకున్నాను. ఒక్క గడ్డ కట్టలేదు.

సంతాప సభ మర్నాడు మార్టూరు వెళ్ళాను. ఆఖరి రోజుల్లో ఆయన అక్కడ చిన్న కూతురి దగ్గర ఉన్నారు. వాళ్ళ ఇల్లు రాళ్ళకి పాలిష్ పెట్టే మిషన్ల వెనక సందులో. గుమ్మాలూ కుండీల్లో మొక్కలూ అన్నిటి మీదా తెల్లటి రాతిపొడి. మిషను మోతలో నా నేరం మొత్తం అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్ళకి కూడా స్పష్టంగా తెలిసి ఉంటుంది.

ఆమె అంతా విన్నది. చివరికి అడిగింది.

"అంటే మా నాన్న పద్యం రాయలేదా?"

ఆమె ముఖం వాడిపోయింది. నింద తుడుద్దామని వెళ్ళాను. వాళ్ళింట్లో దాన్ని నిందగా ఎవరూ చూడలేదు.

"మాకు మొదట్లో తెలీదండీ. తర్వాత ఆయనే నేర్పారు. మా అమ్మాయి స్కూల్లో పాడి స్టీలు గిన్నె గెల్చుకుంది. మా తాత రాసిన పద్యం అని మైకులో చెప్పింది. ఇప్పుడు గిన్నె వెనక్కి ఇవ్వాలా?"

"వద్దమ్మా."

"కానీ మాకు మూడు పాదాలే నేర్పారు. నాలుగోది వాయించి ఊరుకునేవారు. ఏంటి నాన్నా అంటే, 'అది మాట ఇవ్వడం తల్లీ. ఇచ్చినవాడే పాడాలి, నేను పాడకూడదు' అనేవారు. మర్చిపోయి అలా బుకాయిస్తున్నారనుకునేవాళ్ళం. మీకొచ్చా అది?"

వచ్చన్నాను. ఆమె లోపలికి వెళ్ళి హార్మోనియం తెచ్చి అరుగు మీద పెట్టింది. మిషను మోతలో శ్రుతి వినపడదు కదా అన్నాను. గోడ గడియారం చూసి, "రెండింటికి కరెంటు తీస్తాడు, ఆగండి" అంది. ఆగాం. రెండింటికి మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పనివాళ్ళు తలపాగాలు విప్పి దులుపుకుంటూ సందులోకి వచ్చి నీడన కూర్చున్నారు. సందు నిండా మనుషులు. పట్టపగటి ఎండ.

"ఏ శ్రుతండీ మీది?"

"అప్పట్లో ఐదు."

ఆమె నా పొట్ట వైపు ఒకసారి చూసింది. "మూడు ఇస్తాను" అంది.

మూడు పాదాలూ తనే పాడింది. నా పద్యం అంత బాగుంటుందని నాకు తెలీదు. తర్వాత గొంతు ఆపి, శ్రుతి మాత్రం పట్టుకుని నా వైపు చూసింది. పనివాళ్ళు కూడా చూశారు. నేను పాడాను. 'పగటి' దగ్గర ఒకసారి శ్రుతి తప్పాను, వదిలి మళ్ళీ ఎత్తుకున్నాను. పాదం పూర్తి చేశాను.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనమ్మా."

"ఈ ఒక్క ముక్క మీ నాన్నగారితో అనలేకపోయారా?"

అనలేకపోయానన్నాను. ఆమె హార్మోనియం మూత వేసి, కొంగుతో దాని మీద రాతిపొడి తుడిచింది. తుడిచి, ఆలోచించి, కచ్చితంగా చెప్పింది.

"మూడు పాదాలు మా నాన్నవేనండి. అవి నేనివ్వను. చివరిది మీది, తీసుకెళ్ళండి."

సరేనని తెచ్చుకున్నాను.